కరివేపాకు మీద పురుగులు, పూల మీద ఒక్క సీతాకోక లేదు: సలహా కావాలి

హన్మకొండ నుంచి ప్రశ్న:
నమస్తే అండి. గేటు పక్కన గోడ వెంట కొంచెం మట్టి నేల ఉంది, పైన మిద్దె ఉంది. సీతాకోకచిలుకలు, తేనెటీగలు వచ్చేలా మన నేల మొక్కలు పెంచాలని ఆశ. నర్సరీ నుంచి ముద్దబంతి, పెటూనియా తెచ్చి పెట్టాను, ఒక్కటీ వాలడం లేదు. పైగా కరివేపాకు మొక్కను పచ్చ పురుగులు మోడు చేస్తున్నాయి. ఏ మందు కొట్టాలో కూడా చెప్పండి.

కాజీపేట నుంచి జవాబు:
అక్కా, మందు పక్కన పెట్టండి. మీరు రమ్మంటున్న సీతాకోకల పిల్లలే అవి! ముందు పిట్ట రెట్టలాగా నలుపు తెలుపు మచ్చలతో ఉండి, తర్వాత పచ్చబడ్డాయా? మెల్లగా తాకి చూడండి, తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతాయి. నిమ్మ, కరివేపాకు, మారేడు మీద గుడ్లు పెట్టే రకం అది. మొక్క మరీ చిన్నదైతే పురుగుల్ని ఏరి నిమ్మచెట్టు మీద వేయండి. పెద్దదైతే వదిలేయండి, మళ్ళీ చిగురిస్తుంది. వేపనూనె కూడా వద్దు, దానికీ ఇవి చస్తాయి.

తేనె తాగడానికి వచ్చిపోవడం వేరు, కాపురం పెట్టడం వేరు. ఒక్కో రకానికి దాని ఆకే కావాలి. తంగేడు, రేల ఉంటే లేత పసుపు, తెలుపు రెక్కలవి వస్తాయి. జిల్లేడు మీద నారింజ రంగువి, గన్నేరు మీద నల్లటివి గుడ్లు పెడతాయి. ఎర్రటి ఒళ్ళున్న నల్ల సీతాకోకకు ఈశ్వరి తీగ, గాడిదగడపాకు కావాలి. ఈ రెండూ కిడ్నీలను పాడుచేసే మొక్కలు, నాటు మందని ఎవరు చెప్పినా నోట్లో పెట్టుకోవద్దు. ముద్దబంతిలో రెక్కలే కిక్కిరిసి ఉంటాయి, తేనె అందడం కష్టం. బంతే కావాలంటే ఒంటి వరస రెక్కలుండే రెక్కబంతి వేయండి.

నర్సంపేట నుంచి జవాబు:
మా దిక్కు పత్తి చేలల్లో గడ్డిమందు కొట్టడం మొదలైనప్పటి నుంచి గట్ల మీద గునుగు, తుమ్మి కరువయ్యాయి. బతుకమ్మకు గునుగు కొనుక్కునే రోజులొచ్చాయి, ఇంకేం చెప్పాలి! మీ గోడ వెంట ఇవే చల్లండి మేడం. ఎండిన గునుగు కంకిని కాగితం మీద దులిపితే మెరిసే నల్ల గింజలు రాలుతాయి. తొలకరికి పైపైన చల్లి కొంచెం మట్టి కప్పితే చాలు. తంగేడు గింజ పెంకు గట్టిది. గరుకు కాగితం మీద రుద్ది, రాత్రంతా నానబెట్టి, పెంచాలనుకున్న చోటే నాటండి. వేరు లోతుకు పోతుంది కాబట్టి తర్వాత పీకి మార్చితే బతకడం కష్టం. నేలంతా సిమెంటు చేయకండి, కొన్ని రకాల తేనెటీగలు మట్టిలోనే బొరియ చేసుకుంటాయి.

హన్మకొండ నుంచి:
థాంక్సండి, పురుగుల్ని వదిలేశాను. జిల్లేడు ఇంట్లో వద్దని మా అత్తమ్మ అంటున్నారు. ఇంకో టెన్షన్, మిద్దె మీద అనపకాయ (సొరకాయ) పిందెలు రాలిపోతున్నాయి.

కాజీపేట నుంచి జవాబు:
తెల్ల జిల్లేడని చెప్పండి అక్కా, వినాయకుడి పేరు మీద ఒప్పుకుంటారు. పాలు కంట్లో పడకుండా చూసుకోండి, చాలా ప్రమాదం. అసలు వద్దంటే గన్నేరుతో సరిపెట్టుకోండి, కాకపోతే అదీ విషమే, పిల్లలుంటే జాగ్రత్త.

అనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రి తిరిగే పురుగులు పుప్పొడి అంటిస్తేనే పిందె నిలుస్తుంది. మిద్దె లైటు ఆర్పి చూడండి. ఆలోగా పొద్దుగూకాక, సన్న కాడ ఉన్న మగపువ్వు కోసి, రెక్కలు తుంచి, కింద పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. గుమ్మడికి మాత్రం ఈ పని పొద్దున్నే చేయాలి.