అప్‌డేట్: ఉదయగిరిలో సైకిల్‌తో సహా కనపడకుండా పోయిన మా అక్క గురించి

పోయిన వారం అడిగాను కదా, మా పెద్దమ్మ కూతురు తెల్లారకముందే మౌంటెన్ బైక్ తీసుకుని వెళ్లి తిరిగి రాలేదు, ఫోన్ స్విచాఫ్, ఆమె సైక్లింగ్ అలవాట్లను బట్టి ఎక్కడ వెతకాలి అని. అక్క క్షేమం. ముందు అది చెప్పేస్తున్నా.

ఊళ్లో కుర్రాళ్లంతా దుర్గం మీద పడ్డారు, 3,079 అడుగుల కొండ, అంతా ముళ్లకంప, ఎక్కడని వెతుకుతారు? మీలో ఒకరు ‘స్ట్రావా (సైకిల్ రైడ్లు రికార్డు చేసే యాప్) తర్వాత, ముందు ఏం వదిలి వెళ్లిందో చూడు’ అన్నారు చూడండి, అదే పనికొచ్చింది. ఆమె సైకిల్‌కి క్లిప్ పెడల్స్ (బూటు అడుగు బిగుసుకునేవి), వాటికి పట్టే బూట్లేమో అరుగు మీదే ఉన్నాయి. హెల్మెట్ కూడా మేకుకే ఉంది. అంటే కొండ రైడ్‌కి కాదు. రాళ్లదారికి వెళ్లేటప్పుడు పట్టు కోసం టైర్లలో గాలి తగ్గించుకునే మనిషి, గాలి తక్కువైతే టైరు అంచుల్లోని పక్క గుబ్బలు కూడా నేలకు తగులుతాయి. వాకిట్లో రాత్రి వానకు తడిసిన మట్టి మీద పడినవి నడిమి గుబ్బల అచ్చులే, గాలి తగ్గించలేదన్నమాట. అంటే తారు రోడ్డుకే.

ఎస్సై గారికి చెప్తే బస్టాండ్ దగ్గర చూశారు, సైకిల్ అక్కడే తాళం వేసి ఉంది. మిగతాది సీసీ కెమెరాలతో వాళ్లే తేల్చారు.

ఇష్టపడే వెళ్లానని అక్క స్టేట్‌మెంట్ ఇచ్చింది. మేజర్ కాబట్టి, తను వద్దన్నదని పోలీసులు అడ్రస్ మాకు చెప్పలేదు. పెద్దమ్మ దీనికే మండిపడుతోంది గానీ, నాకైతే వాళ్లు చేసిందే కరెక్ట్ అనిపించింది. పెళ్లి సంబంధం గొడవ ఇక్కడ రాయను, అడగొద్దు.