న్యాయవాద వృత్తిలో మహిళలు నిలవాలంటే పని గంటలు తగ్గిస్తే చాలునా?

చర్చ ప్రారంభించినవారు:
ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రాక్టీసు చేస్తున్న సొలిసిటర్లలో (కక్షిదారులకు సలహాలిచ్చి, పత్రాలు సిద్ధం చేసే న్యాయవాదులలో) మహిళల సంఖ్య 2017లోనే పురుషుల సంఖ్యను దాటింది. అయినా న్యాయసంస్థల పార్ట్‌నర్ల (యాజమాన్యంలో వాటా ఉన్న న్యాయవాదుల) జాబితాలో ఆ మార్పు ఆ మేరకు కనబడదు. చదువులో, వృత్తిలో చేరేటప్పుడు లేని తేడా పదేళ్లు గడిచేసరికి ఎలా వస్తోంది? కోరుకున్నవారికి తక్కువ గంటల పని హక్కుగా ఇస్తే మహిళలు మధ్యలోనే వృత్తి వదిలి వెళ్లడం ఆగుతుందని నా అభిప్రాయం. విభేదించేవారు కారణాలతో రాయగలరు.

ఒప్పందాల న్యాయవాది:
విభేదిస్తున్నాను. పెద్ద సంస్థల్లో ఒక్కో జూనియర్ ఏడాదికి 1,800 నుంచి 2,000 గంటలు బిల్లు చేయాలనడం మామూలే. 1,900 గంటలను 48 వారాలకు పంచితే వారానికి దాదాపు 40 గంటలవుతాయి. అవైనా కక్షిదారుకు లెక్క చూపగలిగినవి మాత్రమే, కొత్త తీర్పులు చదవడం, జూనియర్లకు పని నేర్పడం, కార్యాలయ సమావేశాలు వాటిలో చేరవు. ఇందులో 60 శాతం పనికి ఒప్పుకున్న న్యాయవాదికి జీతం మొదటి నెల నుంచే తగ్గుతుంది గాని, గడువులు ఆమె ఒప్పందం చదివి రావు.

2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ ఈ చిక్కును ఫార్మసిస్టులతో పోల్చి చూపించారు. అక్కడ ఒకరి పనిని మరొకరు అందుకోగలరు కాబట్టి, తక్కువసేపు పనిచేసినవారికి గంటకు దక్కే వేతనం పెద్దగా పడిపోదు. న్యాయసంస్థల్లో అలా కాదు. ఎప్పుడు పిలిచినా పలికేవారి గంటకే విలువ పెరుగుతుంది. అందువల్ల మార్చవలసింది పనిని పంచుకునే పద్ధతిని. గంటలు మాత్రమే తగ్గిస్తే, ఆ వెసులుబాటు తీసుకున్నవారిని ముఖ్యమైన కేసుల నుంచి మర్యాదగా పక్కన పెడతారు.

కోర్టు న్యాయవాది:
మందుల చీటీతో క్రాస్ ఎగ్జామినేషన్‌ను పోల్చకండి. సాక్షి పాత వాంగ్మూలంలో ఎక్కడ మాట మార్చాడో గుర్తున్న వ్యక్తిని తప్పించి, ముందు రోజు ఫైలు చదివినవారిని నిలబెడితే నష్టపోయేది కక్షిదారే.

ఒప్పందాల న్యాయవాది:
విచారణ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అయితే ముసాయిదాలు, పత్రాల పరిశీలన, లిఖితపూర్వక వాదనలు ఇద్దరు కలిసి చూడగల పనులే. కోర్టులోనూ దారి లేకపోలేదు: అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్ర సుప్రీంకోర్టు 2019లో తెచ్చిన నియమం ప్రకారం, కేసు నడిపే ప్రధాన న్యాయవాదికి బిడ్డ పుట్టినా, వారు దత్తత తీసుకున్నా, సాధారణంగా మూడు నెలల వరకు వాయిదా కోరవచ్చు. అది తండ్రులకూ వర్తిస్తుంది, నా దృష్టిలో అదే దాని బలం. సెలవు అడగడం ఆడవారి లక్షణమన్న ముద్ర కొంతైనా చెరుగుతుంది.

చర్చ ప్రారంభించినవారు:
గంటలు తగ్గిస్తే చాలన్న నా మాటను సవరించుకుంటున్నాను. కానీ ఒకే ఫైలును ఇద్దరు చదివితే ఆ రెండో చదువుకు డబ్బు ఎవరిస్తారు? కక్షిదారు ఒప్పుకోరు.

ఒప్పందాల న్యాయవాది:
సంస్థే భరించాలి. అనుభవమున్న న్యాయవాది విసిగి రాజీనామా చేస్తే, ఆమె స్థానంలో వచ్చినవారూ అదే ఫైలును మొదటి పేజీ నుంచి చదవవలసిందే కదా. ఆ గంటలను ఇప్పుడు ఎవరి ఖాతాలో రాస్తున్నారు?