ప్యాచ్ వచ్చిన రోజే వేసేయాలా, ఆగి చూసి వేయాలా?

నైట్‌షిఫ్ట్:
మా ఆఫీసులో సెక్యూరిటీ టీమ్ కొత్త మెమో పంపింది. క్రిటికల్ ప్యాచ్ (సాఫ్ట్‌వేర్‌లో ప్రమాదకరమైన లోపాన్ని పూడ్చే అప్‌డేట్) ఏది వచ్చినా 48 గంటల్లో అన్ని సర్వర్లకీ పడిపోవాలట, టెస్టింగ్ పేరుతో ఆపకూడదట. నాకు ఇది నచ్చలేదు. 2024 జులై 19 అప్పుడే మర్చిపోయారా? సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క ఫైలుకి 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. విమానాలు ఆగిపోయాయి. ఆ ఫైలును కంపెనీ 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది, నిజమే. కానీ అప్పటికే పడిపోయి లేవలేని మెషీన్‌కి ఆ సంగతి చెప్పేదెవరు? చాలాచోట్ల ఒక్కోదాని దగ్గరికీ మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి ఫైలు తీసేయాల్సి వచ్చింది. డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్ తాళం) ఉంటే ముందు దాని రికవరీ కీ వెతుక్కోవాలి. అందుకే నా పద్ధతి ఇది: ముందు పది మెషీన్లకి వేద్దాం, రెండు వారాలు చూసి మిగతావాటికి వేద్దాం. మీరేమంటారు?

తాళంకప్ప:
రెండు వారాలా! అవతలి హ్యాకర్లు ప్యాచ్‌ని విప్పి చూసి, దేన్ని పూడ్చారో కనిపెట్టి దాడి రాసుకోవడానికి అంత టైమ్ అక్కర్లేదండీ. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగిన వన్నాక్రై వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. దాడి మే 12న వచ్చింది. 59 రోజుల గడువు చేతిలో ఉండి కూడా బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ ఆస్పత్రుల్లో అపాయింట్‌మెంట్లు వేల సంఖ్యలో రద్దయ్యాయి. అదే ఏడాది అమెరికా క్రెడిట్ రిపోర్టుల కంపెనీ ఈక్విఫాక్స్‌లో 14 కోట్లకు పైగా జనం వివరాలు పోయాయి. అక్కడా వాళ్ల వెబ్‌సైట్ వాడిన అపాచీ స్ట్రట్స్ సాఫ్ట్‌వేర్‌కి ప్యాచ్ మార్చిలోనే వచ్చి ఉంది. "చూసి వేద్దాం" అన్న మాట ఎక్కడికి తీసుకెళ్తుందో ఇంతకంటే చెప్పాలా?

కచ్చితం:
ఒక సవరణ. క్రౌడ్‌స్ట్రైక్ పంపింది ప్యాచ్ కాదు. అది చానెల్ ఫైల్ 291, అంటే దాడులను గుర్తుపట్టడానికి పంపే కంటెంట్. కొత్త టెంప్లేట్ 21 విలువలు ఆశించింది, కోడ్ 20 మాత్రమే ఇచ్చింది. లేని 21వదాన్ని చదవబోయి విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్ కూలింది. ప్యాచ్‌ల చర్చలోకి ఈ ఉదాహరణ తేవడమే తప్పు.

నైట్‌షిఫ్ట్:
సర్వర్ పడిపోయాక దాన్ని ప్యాచ్ అన్నా, ప్రసాదం అన్నా ఒకటే సార్.

కచ్చితం:
ఒకటి కాదు. సెన్సర్‌ని (మెషీన్‌లో ఉండే క్రౌడ్‌స్ట్రైక్ ప్రోగ్రామ్‌ని) ఒక వెర్షన్ వెనక పెట్టుకున్న జాగ్రత్తపరులకి కూడా ఆ ఫైలు చేరింది, ఎందుకంటే ఆ సెట్టింగ్ కంటెంట్‌కి వర్తించలేదు. అంటే మీ రెండు వారాల పద్ధతి ఆ రోజు మిమ్మల్ని కాపాడేది కాదు. మీ ఉదాహరణ మీ వాదననే కొడుతోంది.

సింపుల్‌గా:
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

ఫైలుకదలదు:
మాది ప్రభుత్వ శాఖ. మీరు 48 గంటలు, రెండు వారాలు అని కొట్టుకుంటుంటే నవ్వొస్తోంది. మా ముఖ్యమైన అప్లికేషన్ రాసిన కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది. కింద ఓఎస్ మారిస్తే పైది లేస్తుందో లేదో చెప్పేవాడే లేడు. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14న అయిపోయింది, అయిపోతుందని ముందు నుంచీ రాస్తూనే ఉన్నాం. కొత్త మెషీన్ల ఫైలు ఆర్థిక విభాగం దగ్గర, డౌన్‌టైమ్ (సర్వర్ ఆపి ఉంచే సమయం) ఫైలు పై అధికారి దగ్గర. మాకు ప్యాచ్ వేయడం తెలియక కాదు, ఒక గంట సర్వర్ ఆపే హక్కు లేక.

తాళంకప్ప:
సాకులు ఎప్పుడూ ఉంటాయి. మెమో గట్టిగా ఉంటే పై అధికారే దారి ఇస్తాడు.

ఫైలుకదలదు:
మీరు ఎప్పుడూ ప్రభుత్వంలో పని చేయలేదని అర్థమైంది. నమస్కారం.

మధ్యేమార్గం:
క్రిటికల్ అన్నవన్నీ ఒక గాటన కట్టకండి. నిజంగా దాడుల్లో వాడుతున్న లోపాల జాబితా ఒకటి అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2021 నవంబర్ నుంచి నడుపుతోంది. అందులో ఉన్నవీ, ఇంటర్నెట్ వైపు తెరుచుకున్నవీ ముందు. మూల ఉన్న ప్రింట్ సర్వర్ ఆగుతుంది.

తాళంకప్ప:
ఆ జాబితాలోకి ఎక్కేసరికి ఎవరో ఒకరు అప్పటికే మునిగి ఉంటారు. ఆ ఒకరు మనమే కావచ్చు. అయినా ఇక్కడ అసలు సమస్య ప్యాచ్ కాదు. రాత్రి మేలుకోవడం ఇష్టం లేని అడ్మిన్లు.

నైట్‌షిఫ్ట్:
మేడమ్, ఈ మాట వెనక్కి తీసుకోండి. రెండేళ్ల కిందట "వెంటనే వేయి" అంటే వేశాను. బిల్లింగ్ ఆరు గంటలు ఆగింది. రిపోర్ట్‌లో కారణం "మానవ తప్పిదం", పక్కన నా పేరు. వెంటనే వేయమని చెప్పినాయన అదే మీటింగ్‌లో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ ఏడాది ఇంక్రిమెంట్ పోయింది. మీరు ఈక్విఫాక్స్ అన్నారు కదా. అక్కడా 48 గంటల రూలే ఉంది! మెయిల్ వెళ్లింది, ప్యాచ్ పడలేదు. తర్వాత వాళ్ల మాజీ సీఈఓ అమెరికా కాంగ్రెస్ ముందు కూర్చుని, సమాచారం చేరవేయాల్సిన ఒక్క ఉద్యోగి చేరవేయలేదని చెప్పాడు. అంత పెద్ద కంపెనీలో దొరికింది ఒక్కడు. మా మెమోలోనూ అదే 48. రేపు ఆ ఒక్కడు ఎవరో నాకు తెలుసు.

తాళంకప్ప:
రాత్రి మేలుకోవడం గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. నా సంగతీ వినండి. పాత ఉద్యోగంలో ఒక లోపం గురించి నాలుగు మెయిళ్లు పెట్టాను. ప్రతిసారీ "నెలాఖరు అయ్యాక" అన్నారు. నెలాఖరు కాకముందే డేటా పోయింది. "మీరు గట్టిగా చెప్పలేదు" అన్నారు, బయటికి పంపేశారు. అందుకే మెమోల్లో గట్టిగా రాస్తాను. నా పీక తప్పించుకోవడానికే అని మీరనుకుంటే, కొంత నిజమే.

మధ్యేమార్గం:
మీ ఇద్దరి అసలు గొడవ రోజుల లెక్క మీద కాదు. "వేయండి" అని కానీ "ఆగండి" అని కానీ చెప్పిన వ్యాపార విభాగం ఎక్కడా సంతకం పెట్టలేదు. నైట్‌షిఫ్ట్ గారూ, మీ మెమోలో డౌన్‌టైమ్ ఎవరిస్తారని ఉంది?

నైట్‌షిఫ్ట్:
ఇప్పుడే మళ్లీ చదివాను. డౌన్‌టైమ్ అనే మాటే లేదు. 48 గంటల్లో వేయలేకపోతే మినహాయింపు ఫారం ఉంది. రిస్క్ ఒప్పుకుంటున్నట్టు సంతకం చేయాల్సిన చోట "సిస్టమ్ అడ్మిన్" అని అచ్చు వేశారు.

ఫైలుకదలదు:
మా ఫారంలో కూడా అంతే. అచ్చం.

తాళంకప్ప:
అక్కడ సంతకం పెట్టకండి. ఆ అప్లికేషన్ ఎవరిదో ఆ విభాగాధిపతి పేరు రాసి పంపండి, వెనక్కొస్తే మళ్లీ పంపండి. రెండు వారాలు మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

నైట్‌షిఫ్ట్:
వారం?

తాళంకప్ప:
ఇంటర్నెట్ వైపు ఉన్నవాటికి మూడు రోజులు. మిగతావి తర్వాత మాట్లాడదాం.

కచ్చితం:
ఎవరూ ఒప్పుకోలేదు కానీ, అది ప్యాచ్ కాదు.