సమస్య: రక్షకుని జూచి తోడివారలె వడకిరి

నిర్వాహకుడు:
ఈసారి సమస్యగా ఇస్తున్నది తేటగీతి అనే నాలుగు పాదాల పద్యానికి చివరి పాదం, ముందు మూడు పాదాలు రాసి పూరించాలి. ఇతివృత్తం సూపర్ హీరో. ఎవరికీ చెప్పుకోని గతం ఒకటి అతన్ని వెంటాడుతుంటుంది, జట్టులోవాళ్లకు అతనిమీద నమ్మకం కుదరదు. కాపాడేవాణ్ణి చూస్తే ధైర్యం రావాలి గానీ, పక్కన నిలబడి పోరాడేవాళ్లే ఎందుకు వణికారన్నది చిక్కు. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు (గణమంటే గురులఘువుల గుంపు). యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాస నియమం, అంటే అన్ని పాదాల్లో రెండో అక్షరం కలవాలన్నది, లేదు కాబట్టి కొత్తవాళ్లు కూడా టెన్షన్ లేకుండా రాయొచ్చు.

మొదటి పూరణ:
ముసుగువీరుని గతమేదొ ముసరి వచ్చె
నాడు దొంగల గుంపులో నాయకుడట
చెప్పలేదేమి యనుచు నిశ్చేష్టులైరి
రక్షకుని జూచి తోడివారలె వడకిరి

నిర్వాహకుడు:
గణాలు, యతులు అన్నీ కుదిరాయి. "నాయకుడట"లో ఆ "అట" నాకు బాగా నచ్చింది, విషయం అతని నోటి నుంచి కాక వేరెవరి ద్వారానో తెలిసిందని ఆ ఒక్క మాటతో తేలిపోయింది. కానీ మూడో పాదం చూడండి. నిశ్చేష్టులంటే కదలిక లేనివాళ్లు, వాళ్లు వెంటనే ఎలా వణుకుతారు? "చెప్పలేదేమి మనకని చిన్నబోయి" అంటే చె-చి యతి నిలుస్తుంది, "మనకు" అనడంతో వాళ్ల బాధ కూడా పైకొస్తుంది. దొంగ అయినందుకు కాదు, దాచినందుకు కదా వాళ్ల మనసు విరిగింది.

రెండో పూరణ:
వేగుగా వచ్చి మారిన వీరుడతడు
పాత చెలికాని గాపాడ బరుగు లిడగ
నమ్ముటెట్లని తలపోసి నాడు శత్రు
రక్షకుని జూచి తోడివారలె వడకిరి

ఒక సభ్యుడు:
"శత్రు" తగిలించి రక్షకుణ్ణి శత్రురక్షకుణ్ణి చేయడం భలే ఉంది! కథ కూడా మనం ఎరిగినదే, విభీషణుడు శరణని వస్తే సుగ్రీవుడు నమ్మొద్దనే అన్నాడు.

నిర్వాహకుడు:
ముందు మాట చేర్చి సమస్య అర్థం మార్చడం పాత పద్ధతే, తప్పు పట్టను. కాకపోతే శత్రువును కాపాడేవాణ్ణి చూసి ఎవరైనా భయపడతారు, ఇక చిక్కు ఎక్కడ మిగిలింది? అవతలి పక్షంలో ఉండిపోయిన పాత స్నేహితుడి కోసం పరుగెత్తడమే ఇందులో బలం. అది ద్రోహమో దయో చూసేవాళ్లకు తెలియదు, అనుమానం పుట్టేది సరిగ్గా అక్కడే. విభీషణుడి పోలిక సగమే అతుకుతుంది, ఆయన ఎవరి తమ్ముడో అందరికీ తెలుసు, దాచిందేమీ లేదు. కర్ణుడు ఇంకా దగ్గర. యుద్ధానికి ముందే కృష్ణుడి వల్ల పుట్టుక తెలిసినా దుర్యోధనుడితో అనలేదు. సొంత సేనాపతి భీష్ముడే అర్ధరథుడని, అంటే సగం యోధుడేనని తీసిపారేస్తే, ఆయన పడేదాకా పది రోజులు కత్తి పట్టలేదు.

మూడో పూరణ:
పగలు మంటల నార్పెడు వానికైన
రాత్రి కలలోన నాటి మంటలె రగులుచు
చేతులను దాకి వెలుగంగ జెంత నున్న
రక్షకుని జూచి తోడివారలె వడకిరి

నిర్వాహకుడు:
ఊహలో ఇదే ముందుంది. ఒక్క మాట మార్చకుండా, రక్షకుణ్ణి రక్షకుడిగానే ఉంచి చిక్కు విప్పారు. నిద్రలో ఉన్న మనిషి చేతులు ఎర్రగా వెలుగుతుంటే పక్కన పడుకున్నవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టు కళ్లకు కట్టింది. ఏం తగలబడిందో, ఎవరు పోయారో చెప్పకపోవడమే మంచిదైంది. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది, నాలుగో గణం "టలె ర" అవుతోంది, "రా"కు "ట" చెల్లదు. "రాత్రి కలలోన నొకనాటి రగులు మంట" అంటే రా-ర సరిపోతుంది, తర్వాతి పాదానికి కర్త కూడా దొరుకుతుంది. మొదటి పాదంలో ప-వా గురించి సందేహం వద్దు, అవి యతికి చెల్లే మిత్రాలే.

రెండో పూరణ రాసినవారు:
"శత్రు" తీసేసి మూడో పాదం ఇలా మారిస్తే?
నమ్ముటెట్లని తలపోసి నాటి నుండి

నిర్వాహకుడు:
ఇప్పుడు కుదిరింది. ఆ ఒక్కరోజు భయం కాస్తా రోజూ ఉండే అనుమానమైంది. ఇదే ఉంచండి.