బాగ్‌పస్ పిల్లి, ఎలుకల బిస్కెట్లు: ఏ ఎపిసోడో చెప్పగలరా?

నాన్న ఉద్యోగం వల్ల నా చిన్నతనం బర్మింగ్‌హామ్‌లో గడిచింది. 1974లో బీబీసీలో మొదలైన పిల్లల టీవీ సీరియల్ ‘బాగ్‌పస్’ను తర్వాత చాలాసార్లు మళ్ళీ వేశారు, అమ్మ ఒళ్ళో కూర్చుని చూసేదాన్ని. గులాబీ, తెలుపు చారల గుడ్డపిల్లి నిద్రలేవగానే పాతఫోటోలా ఉన్న దుకాణమంతా రంగుల్లోకి మారేది. ఆ క్షణం ఎంత ఇష్టమో! అందులో ఎలుకలు బొమ్మమిల్లులో బీన్స్, రొట్టెపొడి పోసి చాక్లెట్ బిస్కెట్లు తీసేవి. నిజానికి ఒకటే బిస్కెట్‌ను వెనకనుంచి తిప్పి తెచ్చేవి! అమ్మ పడీపడీ నవ్వేది. ఇప్పుడు ఆమెకు మతిమరుపు ఎక్కువైంది, ఎలుకల మాట మాత్రం తనే ఎత్తుతోంది.

ఉన్నవి 13 ఎపిసోడ్లేనట. వాటిలో ఇది ఏది? హైదరాబాద్‌కు డీవీడీ తెప్పించుకునే దారి తెలిస్తే దయచేసి చెప్పండి. అమ్మ పక్కన కూర్చుని మళ్ళీ చూడాలి.