నెల్లిమర్ల – రామతీర్థం డొంకలో మోటారు బళ్ళు ఆపించాలి. మీరేటంటారు?

గేర్లోడు
మన ఆదివారం సైకిల్ బ్యాచ్‌కి తెలిసిందే, మిగతావాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నాను. విజీనగరం నుంచి నెల్లిమర్ల దాకా మెయిన్ రోడ్డు ఎలాగూ తప్పదు. అక్కడ తారు వదిలీసి పొలాల్లోంచి, తోటల్లోంచి కొండ అంచునే రామతీర్థం వైపు పోయే మట్టి డొంక ఉంది కదా, ఎర్రమట్టి, సన్న గులక, ఒక పక్క జీడితోటలు, ఇంకో పక్క గురుభక్తులకొండ, పొద్దున్నే ఆరింటికి వెళ్తే ఒక్క హారన్ కూడా వినపడదు. గ్రావెల్ సైకిల్ కి మన జిల్లాలో ఇంతకంటే మంచి దారి నేనైతే చూళ్ళేదు. అలాంటిది ఎవడో రీల్ పెట్టీసేడు, అక్కణ్ణుంచి మొదలు. సైలెన్సర్లు పీకీసిన బుల్లెట్లు, కార్లు, డోర్లు తీసీసి పాటలు, పోయినవారం అయితే గట్టు మీద సీసాలు పగలగొట్టీసి ఉన్నాయి. సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టర్ గారికి అర్జీ ఇద్దామనుకుంటున్నాం. రెండు చివర్లా సిమెంటు దిమ్మలు వేసి మోటారు బళ్ళు ఆపాలి, సైకిళ్ళూ నడకా మాత్రమే. పీడీఎఫ్ పెట్టేను, సంతకాలు కావాలి.

తోటపాలెం_కుర్రోడు
నా పేరు రాసీ అన్నా

చైనుకవరు
గ్రావెల్ సైకిల్ అంటే ఏటో అనుకున్నాను, గూగుల్ చేసి చూసేను. వంచిన హ్యాండిల్, లావు టైరు. ఇందులో కొత్తేటుంది? మా నాన్న అదే వైపు నుంచి నెల్లిమర్ల జూట్ మిల్లుకి సైకిల్ మీదే డ్యూటీకి వెళ్ళేవారు, రాత్రి షిఫ్టుకి కూడా. నల్ల సైకిల్, 28 × 1½ టైరు. అంగుళంన్నర అంటే 38 మిల్లీమీటర్లు. మీ దానికెంత?

గేర్లోడు
40. కానీ వెడల్పొక్కటే కాదు అన్నా, ట్యూబ్‌లెస్. గాలి 35 పీఎస్ఐ దగ్గర ఉంచితే గులక మీద ఎగరదు, అదే గాలి ట్యూబు టైరులో పెడితే రాయి తగలగానే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పంచరే. పల్లేరు కాయలు గుచ్చుకున్నా లోపల పోసిన సీలెంటు ద్రవం కంత మూసీస్తుంది. డిస్కు బ్రేకులు.

చైనుకవరు
రెండు మిల్లీమీటర్లకి లక్ష రూపాయలా

సిరి_తొక్కుడు
టైరు గొడవ తర్వాత చూసుకోండి బాబూ. నేనెందుకు సంతకం పెడుతున్నానో చెప్తాను. సాలూరు రోడ్డు మీద తొక్కుతుంటే ఒక టిప్పరు అద్దం నా మోచేతికి రాసుకుని వెళ్ళిపోయింది, పడలేదు గానీ పక్కకి దిగీసి చాలాసేపు కూర్చుండిపోయేను. ఇంకా టిప్పర్లు నయం, అవి మనల్ని చూడవు. చూసీవాళ్ళతోనే బాధ. బైకు స్లో చేసి పక్కనే వస్తారు, ఫోన్ తీస్తారు. డొంకలో మొన్నటిదాకా ఆ బాధ లేదు. ఆడవాళ్ళం నిశ్చింతగా తొక్కే దారి జిల్లా మొత్తం మీద ఇదొక్కటే, ఇది కూడా పోతే ఇంట్లో ట్రైనర్ స్టాండుకి సైకిల్ బిగించి ఫ్యాన్ వేసుకుని తొక్కుకోవాలి.

బొబ్బిలి_టు_లండన్
నాది పూర్తి సపోర్టు. ఇక్కడ మా ఇంటికి దగ్గర్లో రిచ్మండ్ పార్కు ఉంది, 2,500 ఎకరాల దాకా, జింకలు మందలు మందలుగా తిరుగుతాయి. 1637లో మొదటి చార్లెస్ రాజు వేట కోసం చుట్టూ గోడ కట్టించేడు. లోపల టామ్సిన్ ట్రైల్ అని కంకర దారి, 7 మైళ్ళు పైనే ఉంటుంది, నడిచేవాళ్ళూ సైకిళ్ళూనే, కార్లకి వేరే రోడ్డు. ఆ దారి దాటి గడ్డిలోకి సైకిల్ దింపితే ఒప్పుకోరు. రూల్ అంటే రూల్. మన దగ్గర చరిత్ర ఉన్న చోట్లకి లోటా? విజీనగరం కోట 1713 నాటిది, రామతీర్థం కొండల మీద బౌద్ధారామాలు, జైన విగ్రహాలు. కాపాడుకోవడం రాదంతే.

పాలక్యాను
నేను ఆ డొంక ఊరివాణ్ణే. ఈ సైటు మా తమ్ముడు చూపించేడు. అందరూ బాగా రాసేరు. ఒక్కటే అడుగుతాను, దిమ్మలు వేసీస్తే నేను పాలెలా పట్టుకెళ్ళాలి?

గేర్లోడు
స్థానికులకి మినహాయింపు ఉంటుందండీ. రెండో పేరాలో రాసేం చూడండి.

పాలక్యాను
చూసేను బాబూ. "స్థానికులకు అనుమతి ఇవ్వవచ్చు" అని రాసేరు. మా డొంకలో మాకు అనుమతి ఇచ్చీవాళ్ళు ఎవరు, మీరా?

గేర్లోడు
అది అర్జీ భాష అండీ, అలాగే రాస్తారు.

మాస్టారు_రిటైర్డ్
రెండు ముక్కలు. ఆ దారి రెవెన్యూ లెక్కల్లో బళ్ళ బాట అయితే కలెక్టరు చూస్తారు. కొండ వైపు ఏదైనా ముక్క రిజర్వు ఫారెస్టు అయితే 1967 అటవీ చట్టం కింద సైకిలు వాళ్ళకైనా అనుమతి కావాలి, అప్పుడు ముందు మీరే ముద్దాయిలు. ఇక కొండ మీద ఆరామాలంటే 1910 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వించినవి. పురావస్తు శాఖ రక్షిత కట్టడం అని ప్రకటించిన చోట 100 మీటర్లలోపు కొత్త కట్టడాలు నిషేధం, ఆ పైన 200 మీటర్లు అనుమతితో. దిమ్మలు కూడా కట్టడమే కదా.

చైనుకవరు
మాస్టారూ 100 మీటర్లు కొండ మీద నుంచా కింద నుంచా?

మాస్టారు_రిటైర్డ్
రక్షిత ప్రాంతం హద్దు నుంచి. కొలిచే ముందు నోటిఫికేషన్‌లో హద్దులు చదవాలి.

తోటపాలెం_కుర్రోడు
అన్నా ఇప్పుడే పీడీఎఫ్ మొత్తం చదివేను. మూడో పేరాలో "సదరు మార్గాన్ని తారు రోడ్డుగా మార్చే ప్రతిపాదన విరమించి సహజ స్థితిలోనే ఉంచవలసిందిగా" అని ఉందేటి? అది కూడానా?

పాలక్యాను
అదీ సంగతి. ఇందాకటి నుంచి బుల్లెట్లు, సీసాలు, రీల్సు అంటున్నారు. అసలు విషయం మూడో పేరాలో పెట్టేరు. మాకు రోడ్డు రాకూడదా?

ఏటి సహజ స్థితి? వానాకాలం వచ్చి చూసేరా ఎప్పుడైనా? మోకాలి లోతు బురదలో బండి తోసుకుంటూ వెళ్తే పాల కేంద్రం మూసీసి ఉంటుంది. తీసి ఉంటే కూడా ఫ్యాట్ చూసి, వాసన చూసి, ఆలస్యం అయింది విరిగిపోద్ది వద్దు అంటారు. రెండు క్యాన్లు వెనక్కి పట్టుకొచ్చి తోడు పెట్టుకోవాల. స్కూలు ఆటోవాడు జూన్ నుంచి అక్టోబరు దాకా మా ఊరి మలుపు దగ్గరే ఆపీస్తాడు, పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొస్తారు. ఎన్నిసార్లు తిరిగేమో ఆ రోడ్డు కోసం. ఇప్పుడు ప్రతిపాదన దాకా వచ్చింది. మీరు వారానికొక పూట వస్తారు, వచ్చి ఫొటో తీసుకుని ఎల్లిపోతారు, మీ టైర్లకి మట్టి బాగుంటాదని మేం మట్టిలోనే ఉండాలా?

గేర్లోడు
అలా తిప్పీకండి. నేను దాచలేదు, పీడీఎఫ్ పబ్లిక్‌గానే ఉంది. ఎందుకు రాసేనో వినండి. మా అమ్మమ్మగారి ఊరికి కూడా అందరూ పోరాడి తారు రోడ్డు వేయించుకున్నారు. మంచిదే అనుకున్నాం. రోడ్డు పడ్డాక మొదట వచ్చింది బస్సు కాదు, గ్రావెల్ టిప్పర్లు. ఊరి వెనక కొండ, చిన్నప్పుడు సీతాఫలాలకి ఎక్కేవాళ్ళం, ఒక వైపు పూర్తిగా కోసీసేరు, ఇప్పుడు దూరం నుంచి చూస్తే ఎర్రగా గోడలా ఉంటుంది. ఆ బరువుకి రోడ్డు కూడా పోయింది, గోతులు మిగిలేయి. హైవే మీద, ఎయిర్‌పోర్టు వైపు పనులున్నంత కాలం మట్టికి గిరాకీ తగ్గదు. రామతీర్థం కొండల పక్కన తారు పరిస్తే ఏటవుద్దో నాకు తెలుసు. నాది సరదా అనుకుంటే అనుకోండి, కొండ పోయేక మీరు రోడ్డు వేసుకున్నా చూడ్డానికేం ఉండదు.

పాలక్యాను
కొండ తవ్వీవాడికి తారు అక్కర్లేదు, వాడే మట్టి పోసుకుని దారి చేసుకుంటాడు. టిప్పర్లు ఆపాలంటే టిప్పర్ల మీద అర్జీ పెట్టండి, మా ఊరంతా సంతకం పెడతాం, వేలిముద్రలు కూడా ఏస్తాం. రోడ్డు ఆపితే కొండ ఆగుతుందని మీకెవరు చెప్పేరు? చూడ్డానికి అంటున్నారు. మేం చూడ్డానికి లేం అక్కడ.

తోటపాలెం_కుర్రోడు
నా పేరు తీసీ అన్నా. దిమ్మలకి ఓకే, మూడో పేరాకి కాదు.

గేర్లోడు
బాగుంది తమ్ముడూ, ఆదివారం టిఫిన్‌కి మాత్రం వస్తావు.

మోడరేటర్
వ్యక్తిగతం వద్దు. ఇద్దరికీ చెప్తున్నాను.

మాస్టారు_రిటైర్డ్
లండన్ బాబూ, ఒక సందేహం. ఆ రాజు గోడ కట్టించకముందు ఆ 2,500 ఎకరాలు ఎవరివి?

బొబ్బిలి_టు_లండన్
కొంత రాజుదే మాస్టారూ. మిగతాది రైతుల భూములు, ఊరి ఉమ్మడి బయళ్ళు. చాలామంది ఒప్పుకోకపోయినా గోడ కట్టీసేడు. తర్వాత ఇంకో ముచ్చట ఉంది. 1751లో అమీలియా అని రాజకుమారి పార్కు రేంజరయింది, గేట్లు మూయించి తన వాళ్ళకి తప్ప ఎవరికీ ప్రవేశం లేదంది. జాన్ లూయిస్ అని బీరు కాచే వ్యాపారి కేసేసి 1758లో గెలిచేడు, గోడ ఎక్కి దిగడానికి జనానికి నిచ్చెన మెట్లు పెట్టించేరు.

పాలక్యాను
ఆ మనిషి ఫొటో ఉంటే పెట్టండి, మా ఊరి రచ్చబండ దగ్గర కడతాం.

సిరి_తొక్కుడు
నవ్వొచ్చింది గానీ నా మాట ఎవరూ పట్టించుకోలేదు. రోడ్డు పడితే పాలక్యాను అన్నయ్యకి మంచిది, ఒప్పుకుంటాను. నాకు మాత్రం మళ్ళీ సాలూరు రోడ్డే. ఇక్కడ పార్కంటే ఏదుంది, కోరుకొండ ప్యాలెస్ తోటలున్నాయంటే 1962 నుంచి సైనిక్ స్కూలు, లోపలికి మనల్ని రానివ్వరు, రానివ్వకూడదు కూడా. అయ్యకోనేరు గట్టు చుట్టూ తిరుగుతుంటే తల తిరుగుద్ది. నేనెక్కడ తొక్కాలో ఒకరైనా చెప్పండి.

పాలక్యాను
అమ్మా, నీ సంగతి నిజమే. మా అమ్మాయి కూడా కాలేజీకి సైకిలే. నువ్వు డొంకలో రావొద్దని మేం అన్లేదు, అనం. రోడ్డు పక్కన మట్టి అంచు ఓ మూడడుగులు వదిలీమని నేనే అడుగుతాను సర్పంచి గారిని.

గేర్లోడు
మూడడుగుల అంచు మొదటి వానకే కోసుకుపోద్ది, లేదంటే దాని మీదే ధాన్యం ఆరబోస్తారు. అన్ని ఊళ్ళలో చూస్తున్నదే. సరే, ఇంకోటి. బండి చక్రాలు పడే చోట రెండు సీసీ పట్టీలు, మధ్యలో మట్టి. పాల బండి పట్టీ మీద పోద్ది, బురద బాధ ఉండదు, స్పీడుగా కార్లు రావు. దానికైతే మూడో పేరా మారుస్తాను.

పాలక్యాను
ఎదురుగా ఆటో వస్తే ఎవరు బురదలోకి దిగాల?

చైనుకవరు
మధ్యలో మట్టి అంటే మీ 40 టైరుకి మిగిల్చేరన్నమాట

గేర్లోడు
అన్నా, టైరు వదిలీ.

సిరి_తొక్కుడు
మూడో పేరా సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. ముందు దిమ్మలు. మధ్యలో ఎంత ఖాళీ ఉంచుతారు?

పాలక్యాను
రెండు పక్కలా క్యాన్లు కడితే నా బండి మూడున్నర అడుగులు. ఇప్పుడే టేపు పెట్టి కొలిచేను.

గేర్లోడు
మూడున్నర ఉంచితే కార్లు ఆగుతాయి, బుల్లెట్లు ఆగవు. అసలు గోల బుల్లెట్లతోనే.

పాలక్యాను
అదే కదా చెప్తున్నాను. ఇంకోటి, పండక్కి ముందు వరి కోతలు. కోత మిషను ఆ డొంకలోంచే చేలోకి దిగాల. దానికెంత ఖాళీ కావాలో మీరే రాయండి అర్జీలో.