అప్‌డేట్: పాలలో ముంచిన బిస్కెట్ రుచి ఐస్‌క్రీమ్‌లోకి వచ్చింది

చిన్నప్పటి పాలు-బిస్కెట్ రుచితో చేసిన ఐస్‌క్రీమ్‌లో బిస్కెట్ వాసన తెలియట్లేదని, ముక్కలు మెత్తబడుతున్నాయని అడిగాను కదా. రెండూ సర్దుకున్నాయి.

బిస్కెట్లను వేయించకుండా నేరుగా పాలలో వేయడమే అసలు పొరపాటు. 120 గ్రాముల బిస్కెట్లను 150 డిగ్రీల ఓవెన్‌లో 10 నిమిషాలు వేయించి, 500 మి.లీ. వేడి పాలలో 20 నిమిషాలు నానబెట్టాలి. వడకట్టేటప్పుడు పిప్పిని గట్టిగా పిండకూడదు. పిండితే పిండిపదార్థం దిగి మిశ్రమం జిగురవుతుంది. బిస్కెట్లు చాలా పాలు పీల్చేస్తాయి, అందుకే మళ్లీ 500 మి.లీ. అయ్యేలా పాలు కలపాలి. ఆపైన 250 మి.లీ. క్రీమ్, 130 గ్రాముల చక్కెర, 40 గ్రాముల పాలపొడి, పావు చెంచా ఉప్పు. పాలపొడి మానకండి, మంచు పలుకులు తగ్గేది దానివల్లే. కాచి చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాకే చిలకాలి.

పైన కలిపే ముక్కలకు కరిగించిన వైట్ చాక్లెట్ పూత పట్టిస్తే తేమ తగలదు, కరకర నిలుస్తుంది.

రుచి చూసే ముందు 8 నిమిషాలు బయట ఉంచండి. మరీ చల్లగా ఉంటే నాలుకకు తీపి, వాసన సరిగా అందవు. మొదట పాల తీపి, మింగాక వేయించిన బిస్కెట్ కమ్మదనం: కావాల్సిన వరుస అదే!